ఫైళ్ళకీ ఇంటిపేరు కావాలి

తెలుగువాళ్ళ పేర్లలో ఒక మంచి ఏర్పాటుంది. ఇంటిపేరు ముందొస్తుంది. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం, విశ్వనాథ సత్యనారాయణ.. ముందు ఏ ఇంటివాడో చెప్పి, తర్వాత మనిషెవరో చెప్తాం. అప్పారావులు ఊరికి పదిమంది ఉంటారు. గురజాడ అనగానే సగం వెతుకులాట అయిపోతుంది. ఇంగ్లీషువాళ్ళది దీనికి తిరగేసిన పద్ధతి. ఈ ఒక్క విషయంలో కంప్యూటరు మన పక్షమే. పెద్ద డైరెక్టరీ ముందు, దాని లోపల చిన్నది, అన్నిటికన్నా చివర ఫైలు పేరు.

ఐతే ఒక తిరకాసుంది. కంప్యూటర్లో ఫైలుకి ఇంటిపేరు ఒంటిమీద ఉండదు. ఇంట్లో ఉన్నంతసేపే ఉంటుంది. గడప దాటి బయటికొచ్చిందా, ఇక ఉత్త అప్పారావే. కెమెరాలోంచి తీసిన ఫొటో తన ఫోల్డర్లో ఉన్నంతవరకూ ఫలానా పెళ్ళి ఫొటో. మెయిల్లో పంపగానే నాలుగంకెల నంబరు తప్ప దానికి వేరే గుర్తు లేదు.

అందుకే లినక్సు వాడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఒక చిన్న షెల్లు స్క్రిప్టు రాస్తారు. ప్రతి ఫోల్డర్లోకీ వెళ్ళి, ఆ ఫోల్డరు పేరు తీసుకుని, లోపలి ఫైళ్ళన్నిటి పేర్లకీ ముందు తగిలించే స్క్రిప్టు. నాలుగు లైన్లుంటుంది. రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. కానీ ఆ నాలుగు లైన్లు అలాగే ఎందుకు రాయాలి, ఇంకోలా ఎందుకు కుదరదు అని అడిగితే జవాబు అరవయ్యేళ్ళ వెనక్కి పోతుంది. పైగా ఇదేదో గీకుల సరదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. మన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఈ నాలుగు లైన్ల పని మీద ఆధారపడ్డాయి. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇళ్ళు లేని రోజులు

1961 నవంబరులో ఎమ్మైటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థని నడిపి చూపించింది. ఒకే మెషీన్ని ఒకేసారి పలువురు వాడుకోవడం అన్నమాట. తర్వాత అది ఐబీఎం 7094 మీద నడిచింది. ఆ మెషీన్లో ఒక వర్డుకి 36 బిట్లు. అక్షరానికి 6 బిట్ల చొప్పున వర్డుకి ఆరక్షరాలు పడతాయి. కాబట్టి ఫైలు పేరంటే రెండు ముక్కలు, ముక్కకి ఆరక్షరాలు. మొదటిది సొంత పేరు, రెండోది ఆ ఫైలు ఏ రకమో చెప్పేది. ఇవాళ మనం చుక్క పెట్టి రాసే తోకకి ముత్తాత లాంటిది. పేరెంత పొడుగుండాలో మనుషులు కాదు, వర్డు సైజు నిర్ణయించింది.

మనిషికో డైరెక్టరీ ఉండేది గానీ, డైరెక్టరీలో ఇంకో డైరెక్టరీ పెట్టుకునే వీలు లేదు. అంటే ఇంటిపేరు లేదు, వీధి పేరు మాత్రం ఉంది.

షెల్లు స్క్రిప్టుకి పునాది కూడా ఇక్కడే పడింది. ఫ్రాన్సు నుంచి ఎమ్మైటీకి వచ్చిన లూయీ పూజాన్, రోజూ కొట్టిన ఆదేశాలే మళ్ళీ మళ్ళీ కొట్టలేక వాటన్నిటినీ ఒక ఫైల్లో రాసి ఒకేసారి నడిపించే రన్‌కామ్ అనే ప్రోగ్రాము రాశాడు. బాష్ వాడేవాళ్ళకి తెలిసిన సెట్టింగుల ఫైలు పేరు చివర 'ఆర్‌సీ' అని ఉంటుంది చూడండి, అది ఈ రన్‌కామ్ గుర్తే. 'షెల్లు' అన్న మాట కూడా ఈయన పెట్టిందే. చేసిన పని రెండోసారి చెయ్యాలంటే విసుగు పుట్టడమే ఈ విద్యకంతటికీ మూలం. బద్ధకస్తులకి చరిత్రలో ఇంతకంటే గౌరవం ఎక్కడా దొరకదు.

చెట్టు మొలిచింది

సీటీఎస్ఎస్ తర్వాత అదే మనుషులు జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్‌తో కలిసి మల్టిక్స్ మొదలుపెట్టారు. 1965లో రాబర్ట్ డేలీ, పీటర్ న్యూమన్ ఆ వ్యవస్థలో ఫైళ్ళు ఎలా ఉండబోతున్నాయో ఒక పేపరు రాశారు. డైరెక్టరీలో డైరెక్టరీ, దాన్లో ఇంకో డైరెక్టరీ, ఇలా ఎంత లోతుకైనా పోవచ్చన్నది దాని సారం. ఇవాళ చిన్న పిల్లాడికి కూడా తెలిసిన ఫోల్డర్ల చెట్టు అదే. మల్టిక్స్‌లో మెట్టుకీ మెట్టుకీ మధ్య > గుర్తు పెట్టేవాళ్ళు. / గుర్తు తర్వాత యూనిక్సుతో వచ్చింది.

మన విషయానికి ముఖ్యమైనది ఇంకోటుంది. మల్టిక్స్‌లో ఒకేసారి బోలెడు ఫైళ్ళ పేర్లు మార్చే ఏర్పాటు ఆదేశంలోనే ఉండేది. నక్షత్రం గుర్తు పెడితే 'ఇక్కడ ఏదున్నా సరే' అని. కొత్త పేర్లో = గుర్తు పెడితే 'పాత పేర్లో ఇక్కడున్నదే ఉంచు' అని. అంటే *.పాత అన్నవన్నీ =.కొత్త చెయ్యి అని చెప్తే, ఒక్క ముక్కలో వంద ఫైళ్ళ పేర్లు మారిపోతాయి. లూపు లేదు, స్క్రిప్టు లేదు. ఎందుకు కుదిరిందంటే, ఆ నక్షత్రాలనీ సమానాలనీ పేరు మార్చే ఆదేశమే చదువుకునేది. పని చెప్పినవాడి ఉద్దేశం మొత్తం పనివాడి చెవిన పడేది.

తర్వాత వచ్చిన యూనిక్సులో ఈ సుఖం పోయింది. ఎందుకు పోయిందో చూద్దాం.

పీడీపీ-7 మీద యూనిక్సు

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వగైరాలు ఒక పాత పీడీపీ-7 మీద సొంతంగా ఒక చిన్న వ్యవస్థ రాసుకున్నారు. మొదటి రూపంలో డైరెక్టరీలున్నాయి గానీ, ఇప్పుడు మనం రాసే పొడుగాటి దారులు లేవు. ఇంకో డైరెక్టరీలో ఫైలు కావాలంటే ముందు దానికి లంకె వేసుకోవాలి. కొత్త డైరెక్టరీ చెయ్యాలన్నా మెషీను నడుస్తుండగా కుదరదు. పేపరు టేపు మీంచి ఫైళ్ళ వ్యవస్థని తిరిగి ఎక్కించేటప్పుడే చెయ్యాలి. రిచీ తర్వాత రాసిన చరిత్రలో ఈ సంగతులన్నీ ఉన్నాయి.

కానీ అంత చిన్న వ్యవస్థలోనే ఒక పెద్ద నిర్ణయం జరిగిపోయింది. ఫైలుని రెండు ముక్కలు చేశారు. ఫైల్లో ఉన్న సరుకు ఎక్కడుంది, ఎంతుంది, ఎవరిది అన్న వివరాలు ఐనోడు అనే చోట. పేరు మాత్రం డైరెక్టరీలో. డైరెక్టరీ అంటే వేరే ఏమీ కాదు, 'ఈ పేరుగలది ఫలానా నంబరు ఐనోడు' అని వరసగా రాసుకున్న జాబితా. ఐనోడులో పేరు ఉండదు.

రేషను కార్డు ఉంది కదా, అలాంటిది. కుటుంబంలో ఎవరెవరున్నారో కార్డు మీద ఉంటుంది. మనిషి నుదుటి మీద ఉండదు. ఒక కార్డులోంచి తీసేసి ఇంకో కార్డులో ఎక్కిస్తే మనిషి మారడు, ఇల్లు మారుతుంది. ఒకే మనిషి పేరు రెండు కార్డుల్లో ఉంటే సివిల్ సప్లైస్ వాళ్ళు ఒప్పుకోరు గానీ యూనిక్సు ఒప్పుకుంటుంది. దాన్నే హార్డు లింకు అంటాం. కార్డు చిరిగిపోతే? మనిషి ఉంటాడు, పేరు పోతుంది. డిస్కు దెబ్బతిన్నప్పుడు బాగుచేసే ప్రోగ్రాము అలాంటి అనాథ ఫైళ్ళని లాస్ట్ అండ్ ఫౌండ్ అనే డైరెక్టరీలో ఉత్త నంబర్లతో పడేస్తుంది. వాటిలో ఏది ఏమిటో తెరిచి చూసుకోవాల్సిందే.

దీన్నిబట్టే 1971 నాటి మొదటి మాన్యువల్లోనే 'ఎంవీ' అని ఒకే ఆదేశం ఉండడంలో మర్మం తెలుస్తుంది. చోటు మార్చడం, పేరు మార్చడం యూనిక్సుకి ఒకటే పని. రెండూ జాబితాలో రాత మార్చడమే. పాత ఎంవీ చేసేది ఇదే: కొత్త పేరుతో ఒక లంకె వేసి, పాత పేరు కొట్టెయ్యడం. రెండు అడుగుల మధ్యలో కరెంటు పోతే ఒకే ఫైలుకి రెండు పేర్లు మిగులుతాయి. 1983లో 4.2 బీఎస్‌డీ 'రీనేమ్' అనే సిస్టం కాలు తెచ్చాక ఆ రెండడుగులూ ఒక్క అడుగయ్యాయి.

ఇంకో గుణం కూడా అప్పటినుంచీ ఉంది. కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైలుంటే ఎంవీ మామూలుగా అడగదు. పాతదాన్ని తీసేసి కూర్చుంటుంది. పనిచేసేవాడికి తెలివుందని నమ్మడం యూనిక్సు మర్యాద. ఆ మర్యాదకి బలైన ఫైళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు.

నక్షత్రం ఎవరు చదవాలి?

యూనిక్సులోనూ నక్షత్రం ఉంది. కానీ దాన్ని చదివే బాధ్యత మొదట్లో 'గ్లాబ్' అనే వేరే ప్రోగ్రాముకి ఇచ్చారు. షెల్లు ఆదేశంలో నక్షత్రం చూడగానే గ్లాబ్‌ని పిలుస్తుంది. గ్లాబ్ డైరెక్టరీలోకి తొంగిచూసి, సరిపోయిన పేర్లన్నీ వరసగా పేర్చి, ఆ వరసని అసలు ఆదేశానికి అందిస్తుంది. ఆదేశానికి నక్షత్రం కనపడనే కనపడదు.

దీనివల్ల లాభం చాలా పెద్దది. ఏ ప్రోగ్రాము రాసినా దానికి నక్షత్రాల గురించి తెలియాల్సిన పని లేదు. నిన్న రాసిన ప్రోగ్రాముకి కూడా నక్షత్రం పనిచేస్తుంది. నష్టం ఒక్కచోటే, అదీ సరిగ్గా మన పని దగ్గరే. 'పాత తోక ఉన్నవన్నీ కొత్త తోకకి మార్చు' అని రెండు నక్షత్రాలతో ఎంవీకి చెప్తే, షెల్లు ముందే వాటిని విప్పేస్తుంది. పాత తోక పేర్లన్నీ వరసగా వస్తాయి. కొత్త తోకతో ఇంకా ఏ ఫైలూ లేదు కాబట్టి రెండో నక్షత్రానికి ఏమీ దొరకదు. ఎంవీకి తల తిరుగుతుంది. యూనిక్సుకి కొత్తగా వచ్చినవాళ్ళందరూ తిట్టుకునే మొదటి సంగతి ఇదే.

డాస్ నుంచి వచ్చినవాళ్ళకైతే మరీ కష్టం. ఎందుకంటే డాస్‌లో 'రెన్' అన్న ఆదేశానికి రెండు నక్షత్రాలూ యథాతథంగా అందుతాయి, అది శుభ్రంగా మార్చేస్తుంది. ఈ ఒక్క విషయంలో 1981 నాటి డాస్ మల్టిక్స్ దారిలో నడిచింది. అది చూసి 'యూనిక్సు కంటే డాసే నయం' అనేవాళ్ళుంటారు. నేనొప్పుకోను. డాస్‌లో ప్రతి ప్రోగ్రామూ నక్షత్రాన్ని తనే చదువుకోవాలి, ఒక్కోటి ఒక్కోలా చదువుతుంది, కొన్ని అసలు చదవవు. రెన్ ఒక్కటే పని బాగా చేస్తుంది. ఫోల్డరు పేరు తెచ్చి ముందు తగిలించమంటే దానికీ రాదు. యూనిక్సు ఒక సుఖాన్ని వదులుకుని, దాని బదులు ఏ పనైనా చేసుకోగలిగే భాషనిచ్చింది. బేరం మనకే లాభం.

ఆ భాష పూర్తి రూపంలో వచ్చింది 1979లో, ఏడో ఎడిషను యూనిక్సుతో. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్లులో గ్లాబ్ లోపలికే వచ్చేసింది. 'ఫర్' లూపు, వేరియబుళ్ళు, ఒక ఆదేశం చెప్పిన జవాబుని ఇంకో ఆదేశంలో పెట్టుకునే వీలు, అన్నీ వచ్చాయి. దారిలోంచి చివరి పేరు మాత్రం తీసిచ్చే 'బేస్‌నేమ్' కూడా అదే ఎడిషన్లో ఉంది. ఇక మన స్క్రిప్టుకి కావలసిన సరుకులన్నీ వంటింట్లోకి వచ్చినట్టే.

వంట ఇలా ఉంటుంది. ఫోల్డర్లన్నీ ఉన్నచోట నిలబడాలి. */* అంటే 'ప్రతి ఫోల్డర్లో ప్రతి ఫైలు' అని. ఆ వరస మీద ఫర్ లూపు. ఒక్కో దారి చేతికొస్తుంది. అందులో / గుర్తుకి ముందున్నది ఇంటిపేరు, తర్వాతున్నది సొంతపేరు. రెంటినీ విడదీసి, మధ్యలో / తీసేసి అండర్‌స్కోరు పెట్టి ఎంవీకి ఇవ్వాలి. అంతే. ఇంతకుముందు రెండు జాబితాల్లో విడివిడిగా ఉన్న సమాచారం ఇప్పుడు ఒకే పేర్లోకి వచ్చింది. ఇక ఆ ఫైలు ఎక్కడికెళ్ళినా ఇంటిపేరు వెంట ఉంటుంది.

పెర్ల్ భాషని 1987లో విడుదల చేసిన లారీ వాల్ ఇదే పనికి 'రీనేమ్' అని ఒక చిన్న స్క్రిప్టు రాశాడు. పేరు ఎలా మారాలో పెర్ల్ ముక్కలో చెప్తే చాలు. డెబియన్, ఉబుంటు వాళ్ళకి 'రీనేమ్' పేరుతో దొరికేది దాని వారసుడే. రెడ్ హ్యాట్, ఫెడోరా వాళ్ళకి అదే పేరుతో దొరికేది పూర్తిగా వేరే ప్రోగ్రాము, వాడే తీరు కూడా వేరు. పేర్లు మార్చే ప్రోగ్రాములకే పేర్ల గొడవ వచ్చింది చూశారా.

ఖాళీ జాగా, తెలుగు అక్షరం

యూనిక్సు ఫైలు పేర్లో ఏమేముండొచ్చు? నిషేధం రెంటికే. ఒకటి / గుర్తు, రెండోది విలువ సున్నా అయిన బైటు. మిగతా ఏదైనా పెట్టుకోవచ్చు. ఖాళీ జాగా, నక్షత్రం, చివరికి లైను మార్పు కూడా. ఇంత స్వేచ్ఛ ఇచ్చినవాళ్ళు తమ మటుకు తాము పొట్టి పేర్లతో సరిపెట్టుకున్నారు. మొదటి ఎడిషన్లో పేరు ఎనిమిదక్షరాలు, ఏడో ఎడిషను నాటికి పద్నాలుగు, 4.2 బీఎస్‌డీలో 255. ఇటు మెకింటోషు, తర్వాత విండోస్ 95 వచ్చి మామూలు జనానికి పేర్లలో ఖాళీలు అలవాటు చేశాయి. షెల్లేమో ఖాళీ కనపడితే అక్కడితో ఒక మాట అయిపోయిందనుకుంటుంది. 'పెళ్ళి ఫొటోలు' అన్న ఫోల్డరు దానికి 'పెళ్ళి' ఒకటి, 'ఫొటోలు' ఒకటి. అందుకే స్క్రిప్టులో ప్రతి వేరియబులుకీ జంట కొటేషన్లు తప్పనిసరి. నాలుగు లైన్లలో తప్పు జరిగే చోటు ఎక్కువగా ఇదే.

సరే, తెలుగులో పేరు పెడితే? ఇక్కడొక ముచ్చటైన కథ ఉంది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక హోటల్లో భోంచేస్తూ, బల్ల మీద పరిచే కాగితం మీద కెన్ థాంప్సన్ యూటీఎఫ్-8 లెక్క వేశాడు. పక్కన రాబ్ పైక్ ఉన్నాడు. ప్రపంచంలోని లిపులన్నిటినీ బైట్లలో ఎలా రాయాలన్నది ప్రశ్న. వాళ్ళ ముందున్న ముఖ్యమైన షరతుల్లో ఒకటేమిటో తెలుసా? ఏ లిపిలో ఏ అక్షరాన్ని రాసినా దాని బైట్లలో పొరపాటున / గుర్తు బైటు గానీ సున్నా బైటు గానీ రాకూడదు. వస్తే ఫైలు పేరు మధ్యలో తెగుతుంది. ఆ ప్రయత్నానికి అప్పట్లో ఉన్న పేర్లోనే 'ఫైల్ సిస్టం సేఫ్' అన్న మాటలున్నాయి. అంటే మనం ఇవాళ నెట్లో తెలుగు చదువుతున్న ఎన్‌కోడింగు, ఫైళ్ళ పేర్లు చెడిపోకూడదన్న జాగ్రత్తతో పుట్టింది.

ఐతే తెలుగుకి ఖర్చెక్కువ. ఒక్కో కోడుకి మూడు బైట్లు. 'కన్యాశుల్కము' అన్న మాట చూడండి. చూడ్డానికి ఐదక్షరాలు. వత్తులు, గుణింతాలు విడదీస్తే 12 కోడులు. బైట్లలో 36. లినక్సులో పేరుకి గరిష్ఠం 255 బైట్లు, అంటే తెలుగులో 85 కోడులు. మామూలు పేర్లకి ఇబ్బంది లేదు. ఇంటిపేరు మీద ఇంటిపేరు తగిలించుకుంటూ పోతే మాత్రం చూసుకోవాలి. ఏడో ఎడిషను రోజుల్లోని పద్నాలుగు బైట్లలోనైతే 'కన్యాశు' అన్న మూడక్షరాలు కూడా పట్టేవి కావు.

నంబరు ఫోల్డర్లలో తెలుగు పుస్తకాలు

ఇక అసలు సంగతి.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు కృత్రిమ మేధలో పనికి 1994లో ట్యూరింగు అవార్డు అందుకున్నారు. ఆయన చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు మొదలుపెట్టింది. భారతదేశం, చైనా అందులో ప్రధాన భాగస్వాములు. మన దేశంలో దాని రూపం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, డీఎల్ఐ. బెంగుళూరు ఐఐఎస్‌సీ సమన్వయం చేసింది. హైదరాబాదు ట్రిపులైటీలో పెద్ద స్కానింగు కేంద్రం నడిచింది. 2007 నాటికి ప్రాజెక్టు మొత్తం మీద పదిహేను లక్షల పుస్తకాలు దాటాయని ప్రకటించారు. మళ్ళీ అచ్చు మొహం చూడని తెలుగు పుస్తకాలు అందులో వేలకొద్దీ ఉన్నాయి.

పుస్తకం ఎలా ఉండేదంటే, పుస్తకానికో నంబరు ఫోల్డరు. లోపల పేజీకో టిఫ్ బొమ్మ. వాటి పేర్లు 00000001, 00000002, 00000003.. ఇలా. చూడండి, ఎనిమిది అంకెలు, చుక్క, మూడక్షరాల తోక. డాస్ రోజుల నాటి ఎనిమిది-చుక్క-మూడు కొలత సరిగ్గా. ముందు సున్నాలు పెట్టడం మాత్రం తెలివైన పని. లేకపోతే వరసలో 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది, పేజీలన్నీ తారుమారవుతాయి.

కానీ ఇంటిపేరు? ప్రతి పుస్తకం మొదటి పేజీ పేరూ 00000001. వేల ఇళ్ళు, అన్ని ఇళ్ళలోనూ పిల్లలకి అవే పేర్లు. బొమ్మలో ఏ పుస్తకమో బొమ్మకి తెలీదు. ఫోల్డరు నంబరుకి తెలుసు. ఆ నంబరు ఏ పుస్తకానిదో వేరే ఎక్కడో ఉన్న జాబితాకి తెలుసు. ఆ జాబితాలో తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో కొట్టారు. ఒకే పేరు నాలుగు స్పెల్లింగుల్లో కనపడేది. ఒకే పుస్తకం రెండు కేంద్రాల్లో రెండుసార్లు స్కానైన సందర్భాలూ ఉన్నాయి.

సైట్లో పుస్తకం చదవాలంటే ఒక్కో పేజీ తెరవాలి, దానికి టిఫ్ చూపించే ప్లగిన్ ఉండాలి. అందుకని చాలామంది పేజీలన్నీ దించుకుని పీడీఎఫ్ చేసే స్క్రిప్టులు వాడేవాళ్ళు. అక్కడే ప్రమాదం. పది పుస్తకాల ఫోల్డర్లలోంచి పేజీలన్నీ ఒకే చోటికి తెచ్చామనుకోండి. ఒకే ఎంవీ ఆదేశంతో అన్నీ కలిపి తెస్తే గ్నూ ఎంవీ 'ఇప్పుడే ఈ పేరుతో ఒకటి పెట్టాను, దాని మీద రాయను' అని ఆగుతుంది. అదే లూపులో ఒక్కోటీ తెస్తే ప్రతిదీ వేరే ఆదేశం కాబట్టి అది గుర్తుండదు. రెండో పుస్తకం మొదటి పేజీ మొదటి పుస్తకం మొదటి పేజీని మింగుతుంది. పది పుస్తకాలు తెచ్చానని సంతోషిస్తాం. మిగిలేది పదో పుస్తకం, దాని చివర ఇంకో లావుపాటి పుస్తకం తోక. ఒక్క ఎర్రరు మెసేజీ కూడా రాదు. ముందు ఇంటిపేరు తగిలించి ఆ తర్వాత కదిలిస్తే ఈ ప్రమాదమే లేదు.

2017 నాటికి డీఎల్ఐ సైటు అందుబాటులో లేకుండా పోయింది. ఆ లోపలే ఆ పుస్తకాల్లో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. అక్కడ వాటి పేర్లు చూడండి. ప్రతిదానికీ 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అని మొదలై చివర ఒక నంబరు ఉంటుంది. డీఎల్ఐ సైటు చిరునామాని వెనకనుంచి ముందుకి తిప్పి రాసిందది. దేశం ముందు, నెట్‌వర్కు తర్వాత, లైబ్రరీ ఆ తర్వాత, పుస్తకం చివర. లోపలున్న పీడీఎఫ్ పేరేమిటి? 2015, ఆ నంబరు, ఆ తర్వాత పుస్తకం పేరు. పైనున్న ఫోల్డరు పేర్లోని గుర్తే ఫైలు పేరు ముందుకి వచ్చి కూర్చుంది. మన నాలుగు లైన్ల స్క్రిప్టు చేసే పనే, లక్షల పుస్తకాల మీద!

దాని ఫలితం ఏమిటంటే, ఆ పీడీఎఫ్ ఎవరి లాప్‌టాప్‌లో దొరికినా, ఎవరు ఎవరికి పెన్‌డ్రైవులో ఇచ్చినా, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పొచ్చు. పుస్తకం పేరు రోమన్‌లో తప్పుగా ఉన్నా నంబరు తప్పదు. తెలుగు వికీపీడియా వాళ్ళు డీఎల్ఐ తెలుగు పుస్తకాలకి తెలుగు లిపిలో పట్టికలు తయారుచేశారు. అలాంటి పట్టిక నిలవాలంటే మారని గుర్తొకటి ఉండాలి. సైటు పోయినా ఆ గుర్తు మిగిలింది. పుట్టిల్లు కూలిపోయినా ఇంటిపేరు ఉంది.

పేర్లో ఇరికించడం మోటు పద్ధతా?

'సమాచారాన్ని ఫైలు పేర్లో ఇరికించడం మోటు పద్ధతి, దానికి డేటాబేసులున్నాయి, ట్యాగులున్నాయి' అనేవాళ్ళుంటారు. సిద్ధాంతం ప్రకారం వాళ్ళు చెప్పేది నిజం. మైక్రోసాఫ్టు 2003లో విన్‌ఎఫ్‌ఎస్ చూపించినప్పుడు ఇక ఫోల్డర్లతో పనుండదు, అన్నీ డేటాబేసులోనే అన్నారు. 2006లో దాన్ని ఆపేశారు. ఎంపీత్రీ పాటలకి ట్యాగులు 1996లో వచ్చాయి. మొదటి రకం ట్యాగులో పాట పేరుకి 30 అక్షరాలు. మనం దించుకున్న తెలుగు పాటల్లో ఆ ముప్ఫై అక్షరాల్లోనూ పాట పేరుండదు, దించుకున్న సైటు ప్రకటన ఉంటుంది. డీఎల్ఐకీ డేటాబేసు ఉండేది. సైటుతోపాటే పోయింది.

డేటాబేసు వద్దనట్లేదు. అది నడవాలంటే ఎవరో ఒకరు నడపాలి. ఫైలు పేరుకి ఆ అవసరం లేదు. సీడీ మీదికెళ్ళినా, మెయిల్లో వెళ్ళినా, ఇరవయ్యేళ్ళ తర్వాత ఇంకెవరో తెరిచినా, దాని వెంట తప్పకుండా వెళ్ళేది పేరొక్కటే. యూనిక్సు పేరుని ఫైల్లోంచి తీసి డైరెక్టరీలో పెట్టింది. దానివల్ల మనకెన్నో సౌకర్యాలొచ్చాయి. అందుకు చెల్లించాల్సిన బాకీ ఏమిటంటే, పేరు సంగతి మనమే చూసుకోవాలి.

మీరూ ఈ పని పెట్టుకుంటే నాలుగు జాగ్రత్తలు. ఒకటి, మొదటిసారి ఎంవీ బదులు 'ఎకో' పెట్టి నడపండి. ఏది ఏమవుతుందో తెర మీద పడుతుంది, ఏ ఫైలూ కదలదు. రెండు, వేరియబుళ్ళకి కొటేషన్లు. మూడు, ఎంవీకి 'మైనస్ ఎన్' ఇవ్వండి, ఉన్నదాని మీద రాయకుండా వదిలేస్తుంది. నాలుగోది అందరూ మర్చిపోయేది: స్క్రిప్టు నడిచేటప్పుడే పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఒక టెక్స్టు ఫైల్లో రాయించి, ఆ ఫోల్డర్లోనే ఉంచండి. ఇంకో లైను ఎక్కువవుతుంది అంతే. రేపు మీ పద్ధతి నచ్చక ఎవరైనా మళ్ళీ మారుద్దామనుకుంటే, వాళ్ళకి ముందు కావలసింది ఆ ఫైలే.